టేపు కింద రెండు వేళ్ళు

టైలరు మాస్టారు ఇరవై ఎనిమిదేళ్ళుగా మిషను ముందు కూర్చుని ఊళ్ళోవాళ్ళ నడుములన్నీ కొలిచాడు గానీ, తన నడుము సంగతి ఏనాడూ పట్టించుకోలేదు. అన్నయ్య పోయాక పట్టించుకోక తప్పలేదు. పెద్దపేగులో క్యాన్సర్. బయటపడేసరికే పరిస్థితి చేయి దాటిపోయింది.

అన్నయ్యకి వైద్యం చేసిన డాక్టరమ్మే మాస్టారిని కూర్చోబెట్టి చెప్పింది.

"తోడబుట్టినాయనకి వచ్చింది కాబట్టి మీరు జాగ్రత్తగా ఉండాలి. పొద్దస్తమానం కూర్చునే పని, పైగా ఆ పొట్ట! రోజూ అరగంట చురుగ్గా నడవండి. మాంసం తగ్గించి కూరగాయలు, పప్పులు, పళ్ళు ఎక్కువ తినండి. మందు జోలికి పోకండి. వీటివల్ల ముప్పు తగ్గుతుంది, అంతేగానీ అసలే రాదని హామీ లేదు. అందుకని ఒకసారి పేగుల్లోకి కెమెరా పంపి చూపించుకోండి."

మాస్టారు నడక మాట తు.చ. తప్పకుండా పాటించాడు, కెమెరా మాట పెడచెవిన పెట్టాడు. చూస్తేనే కదా ఏదైనా కనబడేది! మహా తెలివైనవాడు మరి.

నాలుగు నెలల్లో నడుము ముప్ఫై ఎనిమిది నుంచి ముప్ఫై అయిదుకి దిగింది. తన ప్యాంట్లు తనే విప్పి, కుట్లు లోపలికి వేసుకుని మురిసిపోయాడు. ఆ మురిపెం ఒక్క మాటతో ఆవిరైపోయింది. చొక్కా గుండీలు మార్పించుకోవడానికొచ్చిన బడిపంతులు ఎగాదిగా చూసి, "ఏంటి మాస్టారూ, కుర్రాడైపోతున్నారు!" అన్నాడు.

మాస్టారు గుండీలు పక్కన పెట్టేశాడు. సరిగ్గా ఈ మాటే తను అన్నయ్యతో అన్నాడు. వదులైన ప్యాంటు సరిచేయమని అన్నయ్య మొదటిసారి వచ్చినప్పుడు నవ్వుతూ అన్నాడు. రెండోసారి వచ్చినప్పుడూ అన్నాడు. మూడోసారి అన్నయ్య నవ్వలేదు. "ఒరే, నిజం చెప్పు. ఇంకా తగ్గానా?" అని అడిగాడు. ఆ కళ్ళలో బెదురు చూడలేక మాస్టారు టేపు కింద రెండు వేళ్ళు దూర్చి కొలిచాడు. "లేదన్నయ్యా, పోయిన నెల ఎంతో ఇప్పుడూ అంతే." ఆ ఊరటతో అన్నయ్య ఆసుపత్రికి వెళ్ళడం ఇంకో రెండు నెలలు వాయిదా వేశాడు. ఆ రెండు వేళ్ళ సంగతి మాస్టారు ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, భార్యకి కూడా.

పంతులు వెళ్ళిపోయాక ఒకటే ఆలోచన. ఈ మూడంగుళాలు తను నడిచి కరిగించుకున్నవా, లోపలేదో కూర్చుని తినేస్తున్నదా? అన్నం సహించేది కాదు. సహించకపోతే, ఇదీ ఆ రోగ లక్షణమేనేమోనని ముచ్చెమటలు పోసేవి.

అప్పుడు ఇంకో గొప్ప ఉపాయం తట్టింది. నడక మానేసి, సహించకపోయినా మునుపటిలా తింటూ కూర్చుంటే సరి. నడుము మళ్ళీ పెరిగిందా, తగ్గడం నడక వల్లే. పెరగలేదా... ఆ తర్వాత ఆలోచించడానికి ధైర్యం చాలలేదు.

"నడవడం మానేశారేం?" అంది భార్య. కొట్లో గుండీలు, కాజాలు కుట్టేది ఆవిడే.

"కాళ్ళు లాగుతున్నాయి."

ఆవిడ నమ్మలేదు. పదిహేను రోజులూ ఆయన కంచంకేసీ, నడుముకేసీ చూస్తూనే ఉంది. పదహారో రోజు మధ్యాహ్నం మాస్టారు షట్టరు సగం దించాడు. తన టేపు తనే నడుముకి చుట్టుకుని, అంకె చూడకుండానే విప్పేశాడు.

"కాస్త నువ్వు కొలువు," అన్నాడు.

ఆవిడ టేపు చుట్టింది. అంకె చూసి, టేపు మళ్ళీ సర్దింది.

"ముప్ఫై ఆరున్నర! చూశారా, మళ్ళీ పెరిగారు," అంది హుషారుగా.

మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. నవ్వబోయాడు. అప్పుడు తెలిసింది, పక్కటెముకల కింద, చొక్కాకీ టేపుకీ మధ్య చల్లగా రెండు వేళ్ళు.

"వేళ్ళు తీసి చెప్పు," అన్నాడు.

ఆవిడ వేళ్ళు తియ్యలేదు.

"అన్నయ్యకి నేనూ ఇలాగే కొలిచాను. రెండు నెలలు ఇంట్లోనే ఉండిపోయాడు."

ఆవిడ మెల్లగా వేళ్ళు తీసేసింది. టేపు ఒంటికి బిగిసింది.

"ముప్ఫై నాలుగున్నర," అంది వినీవినబడనట్టు.

పదిహేను రోజులు కదలకుండా కూర్చుని తిన్నా అర అంగుళం తగ్గింది. మాస్టారు టేపు చుట్టి సొరుగులో పెట్టాడు. కుట్టాల్సిన బట్టలు మూటగట్టి పక్కకి నెట్టాడు.

"చెప్పులేసుకో. డాక్టరమ్మ నాలుగింటిదాకా ఉంటుంది."

"నాకు భయంగా ఉందండీ."

"నాకూ చచ్చేంత భయంగానే ఉంది. పద."