నబీ రాసిన మున్నూరు పుస్తకాలు

భద్రకాళి చెరువు కట్ట తెగి పోతననగర్ ఇండ్లల్లకు నీళ్లు జొచ్చిన ఏడు ఉన్నది గద, దానికి రెండో ఏడు. వానలు ఎనకవట్టినంక జరిగింది.

ఆ వరదల రామలింగం సామాన్ల కంటే కాగితాలు ఎక్కువ పోగొట్టుకున్నడు. కాలేజీల కాంట్రాక్టు మీద చరిత్ర చెప్పే సారు. ఖిలా వరంగల్ చుట్టుపక్కల పాత బావుల మీద పీహెచ్‌డీ చేస్తాండు. యాభై దాటినా చేస్తనే ఉన్నడు. ఆయన పెండ్లాం అరుణ చుట్టాల ముందట్నే అనేది, "మా ఆయన బావిల దిగిండు, ఇంకా పైకి రాలే" అని.

జిరాక్సు కట్టలన్ని బురదల కలిసినయి. మిగిలింది పెన్‌డ్రైవ్ ఒక్కటే. మట్టెవాడల నబీ జిరాక్సు దుకాణంల ఎప్పటికప్పుడు స్కాన్ చేయించిన మున్నూరు పీడీఎఫ్‌లు అండ్లున్నయి. పేర్లు పెట్టే ఓపిక లేక వాటికి వట్టి నంబర్లు పెట్టిచ్చిండు. థీసిస్‌ల ఏ మాట ఏ పుస్తకంల దొరికితే, ఆ మాట పక్కన ఆ ఫైలు నంబరు వేసిండు. ఆఖర్న నంబర్లకు ఎదురుంగ పుస్తకాల పేర్లు రాస్తే అయిపాయె అనుకున్నడు.

ఆ ఆఖరు రానే వచ్చింది. రెండుసార్లు పెంచిన గడువు రేపటితోటి ఖతం. రేపు థీసిస్ ఇయ్యకుంటే పేరు కొట్టేస్తరు. ఇన్నేండ్ల చదువు చదువు కాదంటరు.

పుస్తకాల జాబితా కట్టే సాఫ్ట్‌వేర్ ఒకటుంటది. పీడీఎఫ్ ఇస్తే రాసినోళ్ల పేరు, అచ్చయిన ఏడు తీసి వరుసగ పెడతది. ఒక్కోటి ఇచ్చుకుంట కూసుంటే రేపటికి తెగేటట్టు లేదు. రామలింగం యూట్యూబ్ చూసి ఒక స్క్రిప్ట్ దించుకున్నడు. స్క్రిప్టంటే కంప్యూటర్‌కు రాసిచ్చే హుకుం. పెన్‌డ్రైవ్‌ల ఉన్నయన్ని లాప్‌టాప్‌లకు తీస్కో, రాసినోని పేరు, ఏడు చూసి అదే పేరు ఫైలుకు పెట్టు, జాబితాల ఎక్కియ్యి, పాతది తీసెయ్. గంతే. పగటి అన్నం ముందట పెట్టుకొని బటన్ నొక్కిండు. తిని చెయ్యి కడుక్కొని వచ్చేసరికి పని అయిపోయింది.

జాబితాల ఒక్కటే పుస్తకం ఉన్నది. రాసినోడు నబీ. ఏడు 2014.

పెన్‌డ్రైవ్ తెరిచిండు. ఖాళీ. తీసేసినయి పడే బుట్ట తెరిచిండు. అండ్ల గూడ లేవు. అరుణ పిలుస్తాంటే ఆగలే. లాప్‌టాప్ సంకల పెట్టుకొని మట్టెవాడకు ఉరికిండు.

"సలాం సార్. మొఖం గట్లయిందేంది?" అన్నడు నబీ.

"నా మున్నూరు పుస్తకాలు నువ్వే రాసినవంటాంది ఇది."

నబీ పకపక నవ్విండు. "పదోతరగతి లెక్కల తప్పినోన్ని సార్! జర మా అమ్మీకి చెప్పున్రి, ఖుష్ అయితది."

రామలింగం నవ్వలే. నబీ నవ్వు ఆపి లాప్‌టాప్ దగ్గరికి గుంజుకున్నడు. జరసేపు చూసిండు.

"నా మిషన్ చేసిన పని సార్ ఇది. స్కాన్ చేసిన ప్రతి ఫైలు లోపట రాసినోడని నా పేరే వేస్తది. కొన్ననాడు అమ్మినోళ్లు అట్లనే పెట్టిచ్చి పోయిన్రు. తారీఖు ఆన్నే ఆగింది, నేను మార్చలే. దాని లెక్కల ఇంకా 2014ఏ."

"అయితే?"

"మొదటిది నబీ 2014 అయింది. రెండోది గూడ గదే పేరుతోటి వచ్చి దాని మీద పడ్డది. మూడోది దాని మీద. ఒకదాన్నొకటి మింగుకుంట వచ్చినయి. ఆఖరుది మిగిలింది."

"నీ దగ్గరుంటయి గద నబీ? నువ్వే చేస్తివి గద!"

నబీ తల వంచిండు. "ఉండయి సార్. ప్రతి జుమ్మాకు నమాజుకు పోయేముందు మిషన్ తుడిచేస్త. ఆధార్లు, పట్టా కాగితాలు, దవాఖాన రిపోర్టులు... జనం నమ్మి చేతిల పెడతరు. అమానత్ అది. ఉంచుకోను."

"ఒక్క జుమ్మా అన్న మర్సిపోకపోతివా!"

ఆ మాట అని రామలింగం స్టూలు మీద కూలబడ్డడు. నబీ నీళ్లిస్తే గ్లాసు చేతిల పట్టుకున్నడు గని తాగలే.

ఆడికెళ్లే పీహెచ్‌డీ గైడు రాజేశ్వర్ రావుకు ఫోన్ చేసిండు. అంతా విని ఆయన అన్నడు, "పిచ్చోని లెక్క చెయ్యకు రామలింగం. నేను సంతకం ఎప్పుడో పెట్టిచ్చిన. నంబర్లకు ఎదురుంగ తెలిసిన పేర్లేవో నింపు. ఎనక పేజీలు ఎవడు చదువుతడయ్యా?"

ఇంటికొచ్చి నింపుదామనే కూసున్నడు. 'ఈ బావి నీళ్లు మూడు వాడలోళ్లు తాగేది' అని రాసిన కాడ ఒక పెద్ద చరిత్రకారుని పేరు వేసిండు. వేసి చూసుకున్నడు. ఆయన ఆ మాట అన్లే. ఆ బావినే చూడలే. కొట్టేసిండు. ఇంకో కాడ వేసిండు. అదీ కొట్టేసిండు. కలం ఇసిరికొట్టి మొఖం చేతులల్ల పెట్టుకున్నడు.

"అయిపోయిందే అరుణా. చదివిన్నని చెప్పుకుందామంటే సాక్ష్యం గూడ లేదు."

అరుణ పొయ్యి బందువెట్టి వచ్చి కింద కూసున్నది. కలం ఏరి ఆయన చేతిల పెట్టి థీసిస్ ఒళ్లెకు తీసుకున్నది.

"నేను చదువుత. ఎవరు చెప్పిన్రో యాది చేసుకో. ఇదెవరు?"

ఆయన చెప్పిండు.

"ఇది?"

"యాదికి లేదు."

"ఇది?"

"లేదు."

"మంచిగనే చదివినవు పో. నా పుట్టినరోజు లెక్కనే యాది పెట్టుకున్నవు."

ఆ మాటకు ఆయనకు నవ్వు రాబోయి ఏడుపొచ్చింది. అరుణ ఆగలే, తరువాతి ముక్క చదివింది. చీకటి పడేదాక అట్లనే చదివింది. వచ్చినయి వచ్చినయి. రానియి సగానికంటే ఎక్కువే.

తెల్లారి రామలింగం నబీ షట్టర్ లేపకముందే పోయి నిలవడ్డడు. యాదికొచ్చిన కాడ పేరు, రాని కాడ వట్టి నంబరు. నబీ ప్రింటు తీసుకుంట ఆగి, "సార్, ఖాళీలు వస్తానయి" అన్నడు.

"రానీ. గట్లనే కుట్టు."

గట్టి అట్టేసి కుట్టించుకొని యూనివర్సిటీకి పోయిండు. ఆఫీసు కిటికీ తెరవంగనే థీసిస్ లోపలికి పెట్టిండు. క్లర్కు ఎనక పేజీలు తిప్పి తల లేపిండు.

"ఏంది సార్, ఇన్ని ఖాళీలు?"

"అవి చదివిన. ఎవరు రాసిన్రో చెప్పలేను. అబద్ధం రాయలే. తీస్కో."

క్లర్కు ఆ కట్టను ఇటు తొయ్యలే, అటు గుంజుకోలే. తీసుకునేదాక కదలనన్నట్టు రామలింగం కిటికీ ఊచ పట్టుకొని ఆడనే నిలవడ్డడు.