సాయంత్రం విడుదల

పెరంబూరులో రోడ్లు ఊడ్చే ఆడవాళ్ళను, చెత్తబండ్లు తోసే మగవాళ్ళను పోలీసులు జబ్బలు పట్టి వ్యానుల్లోకి విసిరారు. రాజలక్ష్మి చెంగు తలుపులో ఇరుక్కుని చిరిగింది. చూసి ఒక కానిస్టేబులు నవ్వాడు. వార్డు పనిని కంట్రాక్టరుకు అప్పగించవద్దని రోడ్డు మీద కూర్చోవడమే వాళ్ళ నేరం. ఆ రోడ్డును ఏళ్ళ తరబడి ఊడ్చింది వాళ్ళే.

చెన్నైలో ఇలాంటి అరెస్టంటే జైలు కాదు. ఏదో ఒక కల్యాణ మండపంలో కూర్చోబెడతారు. మధ్యాహ్నం పులిహోర పొట్లం ఇస్తారు. సాయంత్రం వదిలేస్తారు. వాళ్ళతో పాటు పట్టుబడిన నాయకులకు అది అలవాటైన భోజనం.

సోషలిస్టు సంఘం వెంకటసుబ్బారావు, కమ్యూనిస్టు సంఘం శ్రీకుమార్ చేతులు కడుక్కుని పెళ్ళివేదిక ఎక్కారు. రేపటి కరపత్రం మీద ఎవరి పేరు వేయాలన్నది తగాదా.

"ఓటుతో వచ్చేది సోషలిజం. మీ పేరు వింటేనే జనం జడుస్తారు," అన్నాడు వెంకటసుబ్బారావు.

"జడిసేది జనం కాదు, నువ్వు. పనికి తగ్గ కూలి దగ్గరే మీ బండి ఆగిపోతాది. మేము అవసరానికి తగ్గ కూడు దాకా పోతాము."

"పోతారు, పోతారు! ముందు సర్కారునంతా గుప్పిట్లో పెట్టుకొని!"

రాజలక్ష్మి కింది నుంచి అడిగింది. "అన్నా, మీ ఇద్దురి రాజ్యంలో చెత్త ఎవురెత్తేది?"

"అదంతా తర్వాతమ్మా," అన్నారు ఇద్దరూ. ఆ రోజు వాళ్ళు ఏకమైంది ఆ ఒక్క మాట మీదే.

సాయంత్రం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. "అందురూ ఇండ్లకు పోండి. రేపు ఈడ పెండ్లి ఉంది."

నాయకులు కండువాలు దులుపుకుని లేచారు. "పదండి, రేపు మళ్ళీ అరెస్టవుదాం," అన్నాడు శ్రీకుమార్.

రాజలక్ష్మి లేవలేదు. ఇళ్ళకు పోతే కంట్రాక్టరు మేస్త్రీ ఒక్కో గుమ్మం ఎక్కుతాడు. ఒంటరిగా దొరికినవాళ్ళను బెదిరించి కొత్త ఒప్పందం మీద వేలిముద్ర వేయించుకుంటాడు. ఇక్కడైతే అందరూ ఒక్కచోట ఉన్నారు.

"ఎవురూ యాడికీ పోవద్దు. ఈడనే కూసోండి," అంది.

ఆమెతో చెత్తబండి తోసే గోవిందస్వామి తటపటాయించాడు. "అక్కా, లీడర్లే పొమ్మంటా ఉండారే?"

"వాళ్ళ తగువు తీరేలోపల మేస్త్రీ మన గొంతు కోసి పోతాడురా. నీకంత తొందరైతే పో, వేలిముద్ర ఏసి రా."

అతను కూర్చున్నాడు. అతని వెనక వరస, ఆ వెనక వరస, అందరూ కూర్చున్నారు.

"ఇది క్రమశిక్షణ కాదు," అన్నాడు వెంకటసుబ్బారావు. "కాదు, అతివాదం," అన్నాడు శ్రీకుమార్. ఆ రెంటికీ తేడా ఏమిటో వాదించుకుంటూనే మెట్లు దిగి పోయారు.

"లీడర్లే పోయినారు. ఇంకెవురి పేరు చెప్పుకుంటారు?" ఇన్‌స్పెక్టరు అరిచాడు. "ఏ కట్చి, ఏ పార్టీ మీది? సోషలిస్టా, కమ్యూనిస్టా?"

"పొద్దున ఈడ్చేటప్పుడు అడగలేదే సార్?" అంది రాజలక్ష్మి. "మేము వేలిముద్ర ఎయ్యనోళ్ళం. అట్లనే రాసుకో. పట్టుకొచ్చినావు కదా, ఉంచుకో."

"రేపు ముహూర్తం ఉందమ్మా!"

"పెండ్లోళ్ళను రానీ. వాళ్ళ ఎంగిలాకులు గూడా మేమే ఎత్తేది. ఈడ ఎందుకు కూసున్నామో వాళ్ళకు మేమే చెప్తాము."

వరసల్లో నవ్వులు లేచాయి. గోవిందస్వామి వెళ్ళి పెద్ద తలుపులకు లోపలి నుంచి గడియ వేశాడు. ఇన్‌స్పెక్టరు ఇంకా లోపలే ఉన్నాడు.