డబ్బా మీద అక్షరం ఎత్తు

ఆమెకి అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: కొడుకు ఆకలికి అలవాటు పడిపోతాడేమోనని. వాడు ఏడిస్తే ఆమెకి భయం లేదు. ఏడ్చే బిడ్డ ఇంకా అడుగుతున్నట్టే లెక్క. అడగడం మానేసి, ఖాళీ సీసా వంక ఓసారి చూసి ఊరుకునే రోజు వస్తుందేమోనని ఆమె దిగులు. దొంగలంటే భయం లేదు, చీకటంటే లేదు, అత్తగారంటే కూడా ఈమధ్య తగ్గింది. ఇదొక్కటే మిగిలింది.

బుడ్డోడికి ఏడో నెల. వాడి పొట్ట ఓ పట్టాన దేన్నీ ఒప్పుకోదు. ఆమెకి పాలు మొదటి నెలలోనే జ్వరం వచ్చి ఎండిపోయాయి. ఆవుపాలు పడితే ఒళ్లంతా దద్దుర్లు. ఇక్కడి కంపెనీల డబ్బా పాలు పడితే విరేచనాల్లో రక్తపు చారలు. చివరికి డాక్టరమ్మ ఒక డబ్బా పేరు రాసిచ్చింది. బయట దేశం నుంచి ఓడలో వస్తుంది, ఆకుపచ్చ మూత. అది పట్టాక వాడు మనిషయ్యాడు. బుగ్గలొచ్చాయి, నవ్వొచ్చింది, ఎత్తుకున్నవాళ్ల జుట్టు పీకే బలం కూడా వచ్చింది.

"ఇది తప్ప ఇంకోటి పట్టకు," అంది డాక్టరమ్మ. "మిగులుతుంది కదా అని నీళ్లెక్కువ కలిపావా, నేను ఊరుకోను," అని వేలు చూపించి మరీ చెప్పింది.

విచిత్రమేమిటంటే ఆ డబ్బాలు ఓడ దిగాక వచ్చేది ఆమె పనిచేసే గోదాముకే. డబ్బా మీద రాతంతా పరాయి భాషలో ఉంటుంది. ఇక్కడి భాషలో స్టిక్కరు అంటిస్తేగానీ దుకాణాలకి పంపకూడదు. ఆ అంటించడమే ఆమె ఉద్యోగం. స్టిక్కరు అంచు లేపడానికని కుడిచేతి బొటనవేలి గోరు పెంచుకుంటుంది. అందుకని గోదాములో అందరూ ఆమెని గోళ్లపిల్ల అంటారు. పక్క బల్ల దగ్గర పనిచేసేది నిచ్చెనక్క. స్టూలు ఎక్కకుండానే పై అరలోని పెట్టె దించేంత పొడుగు మరి. నిచ్చెనక్క కూతురిదీ ఇదే జబ్బు, ఇదే డబ్బా. బుడ్డోడి దద్దుర్లు చూసి, "ఒసే పిల్లా, ఆ నూనెలూ పసర్లూ ఆపి నాతో రా," అని చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది ఆవిడే.

అంతా ఓ గాడిలో పడిందనుకున్నాక రూలు వచ్చింది.

తనిఖీ ఆఫీసరు పిల్లల కంపాసు పెట్టెలో ఉండేలాంటి ప్లాస్టిక్ స్కేలు ఒకటి పట్టుకుని వచ్చాడు. స్టిక్కరు మీద పెట్టి ఒక కన్ను మూసి చూశాడు.

"అక్షరం పొట్టిగా ఉంది," అన్నాడు.

"ఎంత పొట్టి సార్?" అంది నిచ్చెనక్క.

"వెంట్రుక మందం. అయినా పొట్టి పొట్టే."

"నేను పొడుగున్నానని సంబంధాలు తప్పిపోయేవి. అక్షరం పొట్టిదని అమ్మకాలు తప్పిపోతున్నాయి. దేవుడు నా ఎత్తు కొంచెం దీనికి పెట్టుంటే ఇద్దరం బాగుపడేవాళ్లం."

గోదామంతా నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. సరుకు పక్కన పెట్టమని ఎర్ర టేపు చుట్టించి పోయాడు.

చదువుకున్నవాళ్లు పెట్టిన రూలు కదా, ఏదో అర్థం ఉంటుందిలే అనుకుంది ఆమె. తన చదువు తొమ్మిదో తరగతి మధ్యలో ఆగిపోయింది, తనకేం తెలుస్తుంది? యజమాని పెద్ద అక్షరాలతో కొత్త స్టిక్కర్లు అచ్చు వేయించాడు. పాతవాటి మీద అంటించారు. ఆఫీసరు మళ్లీ వచ్చి, "స్టిక్కరు మీద స్టిక్కరు ఉండకూడదు, కింద ఏం దాచారో ఎవరికి తెలుసు?" అన్నాడు. మీరొద్దన్న పాత స్టిక్కరే దాచాం సార్ అంటే వినడే! సరే, జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చి, వేడిగాలి కొట్టి, రెండూ పీకారు. జిగురంతా గుడ్డతో తుడిచారు. వేళ్లు బొబ్బలెక్కాయి. కొత్తవి అంటించారు. ఈసారి వచ్చి, "గీతలు పడ్డాయి. డబ్బాతో ఆటలాడినట్టుంది," అన్నాడు.

నాలుగోసారి ఆయన రాలేదు. కాగితం వచ్చింది. ఇకమీదట స్టిక్కర్లే చెల్లవు, పిల్లల ఆహారం డబ్బాల మీద ఇక్కడి భాష ఫ్యాక్టరీలోనే డబ్బాకి అచ్చయి రావాలి. జనం అభిప్రాయం కూడా తీసుకున్నాక ఖాయం చేస్తామని కింద రాసుంది. బయటి కంపెనీవాళ్లేమో, మీరు కొనే నాలుగు డబ్బాల కోసం మేము వేరే అచ్చు వెయ్యాలా, మాకు గిట్టదు పొమ్మన్నారు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతూ గుమస్తా చెప్పాడు. పళ్ల సందులోంచి మాట్లాడే మనిషి ఆయన, ఏం చెప్పినా రహస్యం చెప్తున్నట్టే ఉంటుంది.

"ఇదంతా ఇక్కడి పాలపొడి కంపెనీల సంఘం నడిపించిన భాగోతం. పెద్దాఫీసు చుట్టూ ఏడాది తిరిగారు. తెల్లచొక్కా వకీళ్లు, విందులు, సదస్సులు, ఒకటేమిటి."

"బయటి సరుకు వద్దనుకుంటే పన్ను పెంచొచ్చుగా బాబాయ్?" అంది ఆమె.

"పిచ్చితల్లీ! పన్ను పెంచితే పేపర్లో పడుతుంది, జనం దుమ్మెత్తిపోస్తారు. అక్షరం ఎత్తు మీద రూలు పెడితే ఎవరు తిడతారు? పైగా పసిపిల్లల క్షేమం కోసం అంటున్నారు. కాదన్నవాడు పిల్లల పగవాడు అయిపోడూ?"

"మరి నా పిల్లాడి క్షేమం?"

గుమస్తా ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

సాయంత్రం వీధి చివరి దుకాణానికి వెళ్తే ఆకుపచ్చ మూత డబ్బాలు అరలో రెండే ఉన్నాయి. ధర చూసి ఆమె కళ్లు తిరిగాయి. పక్కనే వరసగా ఇక్కడి కంపెనీ డబ్బాలు. వాటి ధరా పెరిగింది.

"అన్నా, బయటిది ఆగిపోయింది కాబట్టి దానికి గిరాకీ, సరే. ఇవెందుకు పెరిగాయి? వీటికేం రూలు అడ్డొచ్చింది?"

"పక్కన పోటీ లేనప్పుడు వాడెందుకు తగ్గుతాడమ్మా?" అన్నాడు దుకాణదారు. "ఒక్క పాలపొడేనా? నూనె సీసా మూతకి కొత్త రకం సీలు ఉండాలట, పప్పు బస్తాలకి రేవులో ఆ ఒక్క షెడ్డులోనే పురుగు చచ్చే పొగ పెట్టించాలట. లారీలు క్యూ కట్టి నిలబడ్డాయి. పొద్దున్నించీ ధర చెప్పడం, తిట్లు తినడం, ఇదే నా వ్యాపారం. నువ్వూ ఓ నాలుగు తిట్టు, మొహమాటపడకు."

తిట్టే ఓపిక లేక ఒక డబ్బా కొనుక్కుని ఇంటికొచ్చింది. ఇంట్లో అత్తగారు మంచి హుషారుగా ఉంది. ఒళ్లో మనవడు, బల్ల మీద కొత్త గుడ్డసంచి, అందులోంచి తొంగి చూస్తున్న ఒక పాలడబ్బా. ఇక్కడి కంపెనీది.

"ఇదెక్కడిది అత్తయ్యా?"

"మీటింగులో ఇచ్చారమ్మాయ్. వ్యాన్లో తీసుకెళ్లి వ్యాన్లో దింపారు. ఏసీ హాలు, భోజనం, ఈ సంచీ. వీడినైతే అందరూ ముద్దు చేశారనుకో. ఫోటో కూడా తీశారు."

"ఏం మీటింగు?"

"పిల్లల క్షేమం గురించి. 'పసిపిల్లల డబ్బా మీద అక్షరాలు పెద్దగా, డబ్బాకే అచ్చయి ఉండాలనేవాళ్లు చెయ్యెత్తండి' అన్నారు. నాకసలే చిన్న అక్షరాలు ఆనవు. ఎత్తాను. వీడు ఒళ్లో లేకపోతే రెండు చేతులూ ఎత్తేదాన్ని."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. అరవడానికి నోరు తెరిచింది. బుడ్డోడు అది నవ్వనుకుని కిలకిలలాడాడు. ఇంక ఏమని అరుస్తుంది? కూలబడి, గుమస్తా చెప్పిందంతా మెల్లగా చెప్పింది.

అత్తగారు ఒళ్లోని మనవడిని గట్టిగా హత్తుకుంది. "అయితే నా చేత్తో నేనే వీడి నోటికాడ సీసా లాగేశానా?" అంది.

"మీరొక్కరూ ఎత్తకపోతే ఆగేది కాదులెండి."

"ఓదార్చకు. నాకు ఓదార్పులు పడవు. రేపు నాతో రా, నా చెయ్యి నేను వెనక్కి తీసుకుంటాను."

మర్నాటికే బస్టాపు దగ్గర పెద్ద బొమ్మ వెలిసింది. చెయ్యెత్తిన అత్తగారు, ఒళ్లో బొద్దుగా బుడ్డోడు. కింద ఎంత పొడుగు అక్షరాలంటే ఆఫీసరు స్కేలు చాలదు: "మా పిల్లల భద్రతకే మా ఓటు." వాడు బొద్దుగా ఉన్నదే ఆకుపచ్చ మూత డబ్బాతో. ఆ బుగ్గలు చూపించి ఆ డబ్బానే ఆపేశారు.

మీటింగు పెట్టిన పాలపొడి సంఘం ఆఫీసులో ఒక కుర్రాడు ఎదురొచ్చి, నవ్వు మొహంతో మంచినీళ్లిచ్చాడు.

"నానమ్మగారూ, మీ అభిప్రాయం మాకెంతో విలువైనది."

"అయితే ఆ విలువైనదాన్ని మార్చుకుంటున్నా, రాసుకో. నేను చెయ్యి దించాను."

"లెక్కలో పడిపోయిన చెయ్యి దించడానికి వీలుండదండి. నివేదిక పైకి వెళ్లిపోయింది."

"నా చెయ్యి నాయనా ఇది! నా భుజానికే ఉంది. నేను దించుకుంటే నీకేం నొప్పి?"

"మీ బాధ అర్థమైంది. ఇదిగో, మా తరఫున ఇంకో డబ్బా ఉంచండి."

"వీడికి ఇది పడదు బాబూ, రక్తం పడుతుంది," అంది ఆమె, ఎక్కడలేని ఓపిక తెచ్చుకుని.

"అలవాటు అవుతుందండి, పిల్లలు కదా," అన్నాడు వాడు అదే నవ్వుతో.

ఆ మాట వినగానే ఆమె డబ్బా బల్ల మీదే వదిలేసి లేచింది. తిరిగొస్తుంటే దారి పొడుగునా అత్తగారు తిడుతూనే ఉంది. ఒక్క తిట్టూ ఆమె చెవిన పడలేదు.

నెల తిరక్కుండా గోదాము మూతపడింది. ఎర్ర టేపు చుట్టిన సరుకంతా మళ్లీ ఓడెక్కింది. రూలు రాకముందు పాసైన డబ్బాలు మూల అరలో కొన్ని మిగిలితే యజమాని ఆమెకీ నిచ్చెనక్కకీ ఇచ్చేశాడు. చెరి సగం పంచుకుంటే ఒకటి మిగిలింది.

"తీసుకోవే. నీవాడు చిన్నవాడు, మాది కాస్త పెద్దదైంది," అంది నిచ్చెనక్క.

ఒక్కసారి వద్దంది ఆమె. రెండోసారి అనలేదు. తీసుకుంది.

ఉన్నన్నాళ్లు పట్టింది. ఆఖరి డబ్బా సగానికొచ్చాక చెంచా మీద తలకట్టులా నిలిచే పొడిని గీసెయ్యడం మొదలుపెట్టింది, తర్వాత కొంచెం లోతుగా కూడా. వాడు సీసా ముగించి రెండు నిమిషాలు ఏడ్చి నిద్రపోయేవాడు. ఒకరోజు ఏడవకుండానే నిద్రపోయాడు. ఆమె వాడిని భుజాన వేసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తింది.

డాక్టరమ్మ తూకం చూసి కోప్పడింది. తర్వాత ఒక చీటీ రాసింది. "మందుల షాపులో అడుగు. వెండి రంగు పాకెట్టు. అదే పొడి, అదే కంపెనీ."

"అదే పొడా? మరి రూలు?"

"ఆ రూలు ఆహారానికి. దీన్ని మందు కింద దించుతున్నారు. మందుకి అక్షరం ఎత్తు ఎవరూ కొలవరు. ఈమధ్యే మొదలైంది, ఎవరికీ పెద్దగా తెలీదు."

"ధర?"

డాక్టరమ్మ కళ్లజోడు తుడుచుకుంది. "మందుల ధరే."

అంటే ఇంచుమించు మూడింతలు. అదే పొడి, అదే ఓడ, అదే రేవు. డబ్బాలో వస్తే ప్రమాదం, పాకెట్లో వస్తే వైద్యం! ఆమెకి నవ్వాలో తల బాదుకోవాలో తెలీలేదు. మొగుడు రెండు షిఫ్టులు చేస్తున్నాడు. ఆమె ఒక బట్టల కొట్లో ధర చీటీలు అంటిస్తోంది. అత్తగారు టీ మానేసింది, బస్టాపు దగ్గరికి వెళ్లినప్పుడల్లా తన బొమ్మకి తనే శాపనార్థాలు పెడుతోంది. బుడ్డోడు మళ్లీ గొంతెత్తి ఏడుస్తున్నాడు. ఆ రాగం వింటుంటే ప్రాణం లేచొస్తోంది ఆమెకి.

చీటీ చేతికొచ్చిన రోజే నిచ్చెనక్కకి ఫోన్ చేసింది. స్విచ్ఛాఫ్. రోజూ చేసింది. ఇంటికి వెళ్తే తాళం. అద్దె కట్టలేక ఖాళీ చేసిందని, దూరంగా ఏదో మిల్లున్న ఊళ్లో అన్నగారింటికి పోయిందని ఇంటివాళ్లు చెప్పారు. ఏ ఊరని అడిగితే, "మాకెందుకు చెప్తుంది, మాకే బాకీ," అన్నారు. ఆ పాకెట్టు సంగతి ఆవిడకి తెలీదు. తెలిసే వీలూ లేదు. పంచుకున్న డబ్బాలు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. పైగా ఆవిడ వాటాలో ఒకటి తక్కువ.

అందుకే ఇది చదివినవాళ్లకి ఒక్క మాట. మీ వీధిలోకి ఈమధ్య ఎవరైనా బాగా పొడుగు మనిషి వచ్చిందేమో చూడండి. గుమ్మం దాటేటప్పుడు అలవాటుగా తల వంచుతుంది. చంకలో ఏడాది దాటిన ఆడపిల్ల ఉంటుంది. పలకరిస్తే ఏదో జోకేసి, "మాకేం, రాజాలా ఉన్నాం," అంటుంది. ఆ మాట నమ్మి తిరిగొచ్చెయ్యకండి. మందుల షాపులో వెండి రంగు పాకెట్టు దొరుకుతుందని, చీటీ కావాలని, డబ్బు సంగతి గోళ్లపిల్ల చూసుకుంటానందని చెప్పండి. చెప్పాక గుమ్మంలోంచే వచ్చెయ్యకుండా లోపలికి వెళ్లి, పాపని ఒకసారి ఎత్తుకుని చూసి రండి.