డొప్పచెవికి వాసన లేదు

షెల్టర్‌లో పొద్దున్నే కుక్కలకి స్నానాలు. ఎంత రుద్దినా వాటి వాసన పోదు, ఎందుకంటే అది వాటిది కాదు. రోడ్డు మీంచి తెచ్చిన కుక్కకి ఒళ్లు కాస్త తేరుకోగానే, అది చేరబోయే ఇంటి వాసన పట్టుకుంటుంది. ఒకదానికి కొత్త పెయింటు, ఒకదానికి పసిపిల్లల పౌడరు, ఇంకోదానికి ఆరని బట్టలు. పెంచుకుందామని వచ్చినవాళ్లు ముక్కులు ఎగబీలుస్తూ బోనుల ముందు నడుస్తుంటే కుక్కలు ఓపిగ్గా కూర్చుని చూస్తాయి. ఏ కుక్క దగ్గర ఆగి "దీనికి వాసనే లేదే" అంటారో, అది వాళ్ల కుక్క. ఎవరింటి వాసన వాళ్లకి తెలియదు కదా.

స్నానాలు చేయించేది షాంపూ అక్క. ఎన్నిటినో సాగనంపింది గానీ తనింటికి ఒక్కదాన్నీ తీసుకుపోలేదు. "పొద్దంతా వీటితో తడిసేది చాలదా, ఇంట్లో కూడానా?" అనేది.

ఆ సోమవారం, కొత్తగా వచ్చిన డొప్పచెవి కుక్క కాలికి కట్టు మార్చడానికి వంగిన డాక్టరమ్మ చటుక్కున వెనక్కి జరిగింది.

"ఏంటక్కా ఇది, వైరు మాడుతున్న కంపు!"

"నాకేం రావట్లేదే?"

"ఫినాయిల్‌తో నీ ముక్కెప్పుడో పోయింది."

మర్నాటికి కంపు పెరిగింది. గేటు దగ్గరి వాచ్‌మన్‌కీ తగిలింది. ఎవరిదో ఇల్లు. గోడ లోపల ఏదో రగులుతోంది, ఆ ఇంటివాళ్లు హాయిగా తిని పడుకుంటున్నారు. ఎక్కడని వెతకాలి? ఎవరికని ఫోన్ చేయాలి? డాక్టరమ్మకి అన్నం సహించలేదు. వచ్చినవాళ్లు డొప్పచెవి బోను దగ్గర ముక్కు మూసుకుని, మాది కాదు బాబోయ్ అనుకుంటూ పరుగున దాటిపోయారు.

షాంపూ అక్క దాన్ని మళ్లీ రుద్దింది. మెడ కింద ముక్కు పెట్టింది. ఏమీ లేదు. పక్క బోనులో పెయింటు మాత్రం గుప్పున కొట్టింది.

బుధవారం మధ్యాహ్నం ఒక ఫొటోగ్రాఫర్ వాళ్ల వదినతో వచ్చాడు. పెయింటు కుక్క దగ్గర ఆగాడు.

"దీనికి వాసనే లేదే!"

"నీకెలా వస్తుందయ్యా," అంది వదిన, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని. "ఇల్లంతా పెయింటు పూసి, అందులోనే పడి దొర్లుతున్నావుగా. వాసన లేదంటే నీదే. తీసుకో!"

అందరూ నవ్వారు. షాంపూ అక్క చేతిలోంచి మగ్గు జారి పడింది. వాసన లేదు. డొప్పచెవి గురించి ఈ మూడు రోజులూ ఆ మాట అన్నది తనొక్కతే.

"డాక్టరమ్మా, కారు తియ్యి."

"ఎక్కడికక్కా?"

"మా ఇంటికి. మా ఆయన రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకుని ఉంటాడు."

డాక్టరమ్మ తాళాలు అందుకుంది. దారిలో అక్క డొప్పచెవిని గట్టిగా వాటేసుకుంది. ఆయనకి ఫోన్ చేస్తూనే ఉంది, ఎత్తలేదు.

తలుపు తీసింది. ఫ్యాన్ తిరుగుతోంది. ఆయన దుప్పటి ముసుగులో ఉన్నాడు. ఇల్లు ఎప్పటిలాగే ఉంది. అక్క ఊపిరి పీల్చుకోబోయి వెనక్కి చూసింది. డాక్టరమ్మ రెండు చేతులా ముక్కు మూసుకుని గడపలోనే ఆగిపోయింది.

డొప్పచెవి సరాసరి మంచం తలవైపుకి ఉరికి, గోడకి కాళ్లు ఆనించి గుర్రుమంది. అక్క అక్కడ అరచెయ్యి పెట్టింది. గోడ జ్వరం తగిలిన ఒంటిలా కాలుతోంది. పరుగున పోయి మెయిన్ ఆపింది. ఫ్యాన్ మెల్లగా నిలిచిపోయింది. స్విచ్‌బోర్డు సందులోంచి సన్నగా పొగ.

ఆమె దుప్పటి లాగేసింది. ఆయన కళ్లు నులుముకుంటూ లేచి, మంచమెక్కి తనని చూస్తున్న కుక్క కేసి చూశాడు.

"ఇదెవరిదే?"

"మనదే," అంది షాంపూ అక్క. "ముందు బయటికి నడు."