ఇంటిబండి మట్టము

కార్తికమాసాంతమున పెన్నానదీగర్భమునుండి మెల్లమెల్లగా లేచిన నీలిచీకటి యెఱ్ఱని రాతిగోడల నొక్కొక్క వరుసగా కప్పుచు పైకెక్కుచుండగా గండికోట లోయ యంచులమీద నస్తమయకాంతి మాత్ర మింకను విడువలేక యంటిపెట్టుకొని యుండెను. ఇండ్లకు మరలుచున్న మేకలమంద రేపిన ధూళి గాలిలో పలుచని తెరవలె నిలిచి కదలకుండెను. పక్షు లఱచుచుండెను గాని యా యఱపులయందు సంతోషముగాని విచారముగాని తోచకుండెను. దినము ముగియవలసిన వేళ వచ్చినందున ముగియుచుండెను.

లోయకు కొంత యెడముగా కంపచెట్లను కొట్టించి యేర్పఱచిన విడిదిమైదానమున నచ్చటచ్చట యాత్రికులు గుడారములు నిలుపుచుండిరి. అన్నిటికిని కొసను పల్లముగా వంగిన నేలమీద నొక పాత వ్యాను ఎడమవైపునకు ఒరిగి నిలిచి యుండెను. నంద్యాలలో కఱ్ఱసామానుల దుకాణము నడపు సోమశేఖరము దానిని కొని తోలువాని గదికి వెనుకనున్న రేకుపెట్టెలో మంచములను పొయ్యిగట్టును నీళ్లతొట్టిని తన చేతులతో నమర్చి యిల్లుగా మార్చెను. రెండు పెద్దమంచముల నడుమ నొక చిన్నమంచము గూడ నుండెను. దానిమీద నిప్పుడు దుప్పట్లు మడిచి పెట్టబడి యుండెను.

సోమశేఖరమునకును నతని భార్య హైమవతికిని నేరుగా మాటలాడుకొను నలవాటు లేదు. అది కలహమువలన గలిగినది కాదు. పెండ్లియైన క్రొత్తలో పెద్దలయెదుట పలుకరించుకొనుటకు సిగ్గుపడి మూగలై తిరిగిన యా యిరువురకును పెద్దలు గతించిన పిమ్మట గూడ నోరు పెగలలేదు. ఇంతలో మృదుల యను కూతురు పుట్టి మాటలు నేర్చెను. నాటినుండి మీ నాయనను భోజనమునకు రమ్మనుమని తల్లియు నా చొక్కా యెక్కడ బెట్టినదో మీ యమ్మ నడుగుమని తండ్రియు పలుకుచుండగా నా బాలిక నడుమగదిలో చిఱుపాదములతో నిటునటు పరుగులిడి యా యింటి మాటలన్నిటిని మోయుచుండెను. మొన్నటి వానకాలమున వచ్చిన విషజ్వరము తొమ్మిదేండ్ల యా బిడ్డను గొనిపోయెను.

అటుపిమ్మట నా యింట నేడ్పుగూడ వినబడలేదు. అన్నము వడ్డింపబడినదని హైమవతి గోడతో పలుకును. రాక యాలస్యమగునని సోమశేఖరము వీధితలుపుతో పలుకును. లోయ యంచున నొక రాత్రి పండుకొనవలెనని బిడ్డ చిరకాలము కోరినందున మునుపే మాటలాడి యుంచిన విడిది యిది. పోవలదని చెప్పుట కిరువురిలో నెవ్వరును నోరు విప్పకపోవుటచేతనే వారు బయలుదేఱిరి. అయితే బయలుదేఱునప్పుడు హైమవతి వంటింటి కిటికీతో నొక మాట చెప్పెను. జమ్మలమడుగునుండి యక్క కొడుకు మఱునాటి ప్రొద్దున విడిదికి వచ్చి తన్ను గొనిపోవుననియు నికమీద నక్కయింటనే యుందుననియు నా మాటకు తాత్పర్యము. సోమశేఖరము వినెను. తిరిగి వచ్చుట యెప్పుడని యతడు కిటికీ నడుగలేదు. ఆమె బట్టలసంచి యిప్పుడు బండితలుపుదగ్గఱ సిద్ధముగా నుండెను.

బండి నొరిగినట్లే విడిచినయెడల పండుకొన్నవారి తలలు బరువెక్కును. పొయ్యిమీది నూనె యొక మూలకు చేరును. తలుపు తనంత తానే తెఱచుకొనును. కావున పల్లమున నున్న చక్రములకు ముందు కఱ్ఱపలకలు పేర్చి వానిపైకి బండి నెక్కించి లోపలి బల్లమీద బెట్టిన రసమట్టములోని బుడగ రెండు గీతల నడుమకు వచ్చినప్పు డాపవలయును. తోలువానికి బుడగ కనబడదు. కనబడువారు పలుకవలయును. పూర్వము తల్లి బుడగను జూచి చెప్పగా మృదుల తలుపుమెట్టుమీద నిలిచి యా మాటను తండ్రికి వినిపించుచుండెను.

ఆ సాయంకాలము సోమశేఖరము పలకలు పేర్చి బండిని కొంత నడిపి యాపి దిగి వెనుకకు వచ్చి బుడగను జూచి మరల పోయి కూర్చుండి మఱికొంత నడిపెను. మంచముమీద కూర్చున్న హైమవతి బుడగ గీతల నడుమకు వచ్చుటయు నిలువక దాటిపోవుటయు రెప్పవేయక చూచుచుండెను. చాలునని చెప్పుట కామె పెదవులు విడి యెవ్వరితో చెప్పవలయునో తోచక మరల మూతపడెను. చక్రము పలకల కొస దాటి దబ్బున నేల గూలెను. సంచి జాఱిపోయి తలుపునకు తగిలెను. ఆమె దానిని లాగి మునుపటి చోటనే పెట్టెను. రెండవమాఱును నట్లే జరిగెను. ఆమె మరల లాగి పెట్టెను.

అంతట విడిది కాపరి యగు ఓబులేసు త్రాటిచుట్ట భుజమున వైచుకొని యా దారిని వచ్చి నిలిచెను.

"అన్నా, బండిని తోలుచున్నావా, ఊయలలో వైచి నిదురపుచ్చుచున్నావా?"

"బుడగ నడుమ నిలుచుట లేదు" అని సోమశేఖర మనెను.

"లోపల అక్క యున్నది గదా. చూచి చెప్పదా?"

"మా యింట నట్టి యలవాటు లేదు."

"మా యింటిదాని మాట లోయ కావలియొడ్డున మేకలు కాయువారికి గూడ వినబడును. నీ యదృష్టమే యదృష్టము" అని యోబులేసు నవ్వి బండిలోనికి తొంగిచూచెను. "పాప యేది? ఫోనుచేసిన ప్రతిసారియు పాపకు లోయ చూపవలెనంటివి. దానికొఱకు మాగిన సీతాఫలములు దాచి యుంచితిని."

"పాప రాలేదు" అని సోమశేఖరము పలికెను.

"పోనిమ్ము, సెలవులలో తీసికొని రమ్ము. నేటికి నేనే చెప్పెదను. పోయి కూర్చుండుము" అని యేమియు నెఱుగని యా మనుష్యుడు పోయి తలుపుమెట్టుమీద నిలిచెను. అది మృదుల నిలుచు మెట్టు. హైమవతి యతని పాదములను జూచి చూపు మరల్చుకొనెను.

బండి కదలెను. బుడగ గీతను సమీపించి తాకి దాటిపోయెను. హైమవతి బహుకాలపు టలవాటుచొప్పున "కన్నులు మూసికొని తోలుచున్నాడా యీ మనిషి" అని గొణిగెను.

"అన్నా, కన్నులు మూసికొని తోలుచున్నావా యని యక్క యడుగుచున్నది" అని యోబులేసు మైదానమంతయు వినబడునట్లు చెప్పెను.

ఇంజను ఆగెను. అదే సమయమున గాలికి గుడార మొకటి కూలినదని యెవ్వరో కేకవేయగా నోబులేసు మెట్టు దిగుచు "అక్కా, ఇక నీ రాయబారము నీవే నడుపుకొనుము. రేకున కావలనున్న మొగనితో మాటలాడుటకు మనిషిని పెట్టుకొన్నదానిని నిన్నొక్కదానినే చూచితిని" అని పలికి వడివడిగా వెడలిపోయెను.

సోమశేఖరము దిగివచ్చి తలుపు బయట నిలిచెను. అతడు భార్యను జూడక రసమట్టమును జూచుచుండెను.

"ఆ మాట నీదేనా?"

అతడు గోడతో గాక తనతో పలికెనని యామె కర్థమగుటకు కొంతసేపు పట్టెను. "నాదే."

"ఇదివఱ కెన్నడు నట్లు చెప్పి పంపలేదు. మెల్లగా రమ్ము నాయనా, తొందర లేదు, ఇంకను ప్రొద్దున్నది అని యమ్మ చెప్పమన్నదనియే బిడ్డ పలుకుచుండెను."

"నేనెప్పుడును కన్నులు మూసికొని తోలుచున్నాడా యనియే యంటిని."

గాలి వీచి తలుపు కదలెను. హైమవతి నెమ్మదిగా నడిగెను. "నా పులగము మీ యమ్మచేతి పులగమువలె నున్నదని మీరు చెప్పి పంపితిరి గదా?"

"ఉప్పు చాలలేదని చెప్పి పంపితిని."

"ఆ మాట విని ప్రతి శనివారమును వండితిని."

"ప్రతి శనివారమును చాలలేదు."

వారికి నవ్వు రాలేదు. ఏడ్పును రాలేదు. ఇన్నియేండ్లు నొకరి హృదయమున నున్నదని మఱియొకరు నమ్మి బ్రదికిన మార్దవమంతయు నడుమగదిలో నాలుగడుగుల దూరమున నొక పసిబిడ్డ తన నోట కలిపి పంచినదేయని యెఱిగిన యా దంపతులు వెలుగుతగ్గుచున్న బండిలో నొకరును బయట నొకరునుగా పరాయివారివలె నిలిచి యుండిరి.

"అట్లయిన మన మాటలలో మనవి యేవి?" అని హైమవతి యడిగెను.

"నాకు తెలియదు" అని యతడు పలికి చక్రమువైపు చూచెను. "చీకటి పడుచున్నది. ఇంకొకమాఱు చూతునా?"

అతడు మరల తననే యడిగెను. ఆమె తల యూచెను గాని యతడు చూచుట లేదు గనుక నోటితోనే చెప్పవలసి వచ్చెను. "చూడుడు."

సోమశేఖరము వెడలిపోయి కూర్చుండెను. హైమవతి లేచివచ్చి బల్లమీది బుడగయు ముందరి చక్రమును గానవచ్చునట్లు తలుపుమెట్టుమీద నిలిచెను. బండి పలకలపై కెక్కెను. బుడగ కదలి జంకుచు గీతవైపు రాసాగెను. అలవాటైన మాట యామె నాలుక చివఱకు వచ్చెను. దాని నామె మ్రింగెను. దాని చోట బెట్టుటకు తనవనదగిన మాట లేవియు దొరకలేదు.

"మెల్లగా రండు" అని యామె ముందునకు వంగి పలికెను. "తొందర లేదు. ఇంకను ప్రొద్దున్నది."

ప్రొద్దు లేదు. బండి చీమవలె కదలెను.

"ఇంకొక బెత్తెడు. చాలును."

బండి నిలిచెను. అతడు దిగి చక్రముల వెనుక రాళ్లు తోసి పలకలు కదలకుండ కాలితో నదిమి వచ్చి రసమట్టము మీదికి వంగి చూచెను. బుడగ నడుమకు వచ్చెను గాని యొక గీతను తాకుచుండెను.

"కొంచెము తేడా యున్నది. దించి మరల నెక్కింతునా?"

"వలదు. రేపు చూతము."

ఆ మాట విని యతడు రసమట్టమునుండి తల యెత్తెను. "రేపు ప్రొద్దున మీ యక్క కొడుకు వచ్చును గదా."

హైమవతి చిన్నమంచముమీది దుప్పట్లలో నుండి యొకటి యతని మంచముమీదను నొకటి తన మంచముమీదను వైచెను. "వచ్చినచో పులగము తిని పోవును" అనెను. దుప్పటి యంచు సరిచేయుచు "ఉప్పు మీరు చూచి చెప్పుడు. నాతోనే చెప్పుడు" అనెను.

బయట లోయ నిండిన చీకటి యంచుదాటి మైదానమును గూడ క్రమ్మెను. ఆ నేల వంపు ఎప్పటివలెనే యుండెను. దానిని తీర్చగలవా రెవ్వరును లేరు. కొన్ని కఱ్ఱపలకలును రెండు రాళ్లును మాత్రము క్రింద చేరి పైనున్నవారి నా రాత్రికి నిలిపినవి. తలుపు తెఱచుకొనలేదు. తలుపుదగ్గఱి సంచి పెట్టినచోటనే జాఱక యుండెను.