థార్న్‌బీ ఒడెట్‌ది

పెళ్లయిన కొత్తలో కట్టెలు పేర్చడం కూడా పండగలాగే ఉంటుందని నాకు ఆ అక్టోబరులో తెలిసింది. ఎమెట్ ఒక చివర, నేను ఒక చివర నిలబడి మేపుల్ కట్టెలు సర్దుకుంటూ వచ్చేవాళ్లం. మధ్యలో చేతులు తగిలితే ఊరికే నవ్వొచ్చేది. మా ఇంటి కప్పు బాగయ్యేదాకా మామగారింట్లో, గరాజు పైగదిలో మా కాపురం. వెర్మాంట్‌లో మంచు పడేలోపు చలికాలానికి సరిపడా కట్టెలు చూరు కిందికి చేరాలి కాబట్టి ఆదివారాలు ఇంటిల్లిపాదికీ అదే పని.

ఆ ఆదివారం ఎమెట్ చెల్లెలు లినేయా ఒక కట్టె చేత్తో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడిపోయింది.

"అమ్మాయ్, అది కట్టె, కాలేజీ కాదు. ఎక్కడ పెట్టినా కాలుతుంది," అన్నారు మామగారు హాలిస్.

ఎమెట్ నవ్వాడు. లినేయా నవ్వలేదు.

లినేయాది హైస్కూలు చివరి ఏడాది. నవంబరు ఒకటో తేదీలోపు ఎర్లీ డెసిషన్ దరఖాస్తు పంపాలి. అది ఒక్క కాలేజీకే పంపుకోవాలి. సీటిస్తే మారుమాట లేకుండా అక్కడే చేరతామని పిల్ల, ఇంటి పెద్ద, స్కూలు కౌన్సెలరు ముగ్గురూ సంతకాలు పెట్టాలి. అంత గట్టిగా మాటిచ్చిన పిల్లల్ని కాలేజీలు కాస్త దయగా చూస్తాయి. మామగారు ఈ వంకతో నన్ను వారం రోజులుగా ఆటపట్టిస్తున్నారు.

"టామ్సిన్ కూడా మావాడికి ఎర్లీ డెసిషనే పంపింది. మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకుంది, పాపం."

"మీ అబ్బాయి వెయిటింగ్ లిస్టులో ఉంటే నేనే జాలిపడ్డాను," అనేదాన్ని నేను.

లినేయా ముందున్న కాలేజీలు రెండు, థార్న్‌బీ, కెల్బర్న్. రెండూ చిన్నవే, రెండూ కొండ మీదే. రెండింటికీ ఎర్ర ఇటుక గోడలు, తెల్ల శిఖరం ఉన్న చర్చి. ఆమె చదవాలనుకున్న భూగర్భశాస్త్రం రెండింట్లోనూ బాగుంటుంది. కళ్లకు గంతలు కట్టి దింపితే ఎందులో ఉన్నామో అక్కడి పాఠాలు చెప్పేవాళ్లకే తెలియదని ఎమెట్ అనేవాడు.

మరి బెంగ దేని గురించంటే, లినేయా స్నేహితురాలు ఒడెట్ గురించి.

మా ఊరి స్కూలు చిన్నది. చిన్న కాలేజీలు ఒకే స్కూలు నుంచి ఇద్దరిని తీసుకోవని ఇక్కడ అందరి నమ్మకం. నేను చదివిన పక్క ఊళ్లోనూ అంతే. అందుకని పిల్లలు ముందే పంచుకుంటారు. కారు ముందు సీటు నాదని ఎవరు ముందు అరిస్తే వాళ్లదే అయినట్టు, ఏ కాలేజీ పేరు ఎవరు ముందు చెబితే అది వాళ్లది. ఎక్కడా రాసి ఉండదు గానీ, గీత దాటినవాళ్ల పక్కన ఏడాదంతా ఎవరూ కూర్చోరు. మే నెలలో ఆటలకు వెళ్లి బస్సులో తిరిగొస్తూ ఒడెట్ అందట: "థార్న్‌బీ నాది. నువ్వు కెల్బర్న్ తీసుకో. రెండూ ఒకటేగా."

లినేయా నోరు తెరిచేలోపే బస్సాగింది, అందరూ దిగిపోయారు.

లినేయాకు మాట నెమ్మది. నత్తి ఏమీ లేదు. ఏదైనా అడిగితే లోపలికెళ్లి వెతుక్కుని తెచ్చి మరీ చెబుతుంది. ఈలోపు ఎవరో ఒకరు ఆ వాక్యాన్ని పూర్తి చేసేస్తారు. చాలాసార్లు ఆ ఎవరో ఒడెటే. ఒకటో తరగతి నుంచి ప్రాణస్నేహితురాలు. లినేయాకు ఏ ఐస్‌క్రీం కావాలో కూడా ఆ పిల్లే చెప్పేది. సరిగ్గానే చెప్పేది.

"నాకు," అని ఆగింది లినేయా. కట్టెను కింద పెట్టింది. "నాకు థార్న్‌బీ కావాలి."

మామగారు చేతి తొడుగులు తీశారు. "అది ఒడెట్‌ది కదే."

"తెలుసు నాన్నా."

"థార్న్‌బీకి వెళ్లినరోజు ఎండ కాసింది. ఆకులన్నీ ఎర్రగా ఉన్నాయి. కెల్బర్న్‌కు వెళ్లినరోజు మూతి మీద కొట్టినట్టు వాన. నీకు నచ్చింది కాలేజీ కాదు, వాతావరణం. దానికోసం స్నేహితురాలి నోటి దగ్గరది లాక్కుంటావా?"

లినేయా ఆ కట్టెను మళ్లీ చేతిలోకి తీసుకుంది. నాకు మాత్రం ఆమె మొహం చూస్తే అది వాతావరణం కాదనిపించింది. "స్కూలుకు ఈ గురు, శుక్రవారాలు సెలవేగా. మళ్లీ రెండూ చూసొద్దాం, నేను తీసుకెళ్తా," అన్నాను. అప్పట్లో కారెక్కడానికి ఏ చిన్న సాకు దొరికినా చాలు నాకు.

గురువారం కెల్బర్న్. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మమ్మల్ని క్లాసులో కూర్చోనిచ్చారు. పాఠం చెప్పే ఆవిడ మంచి చురుకైన మనిషి. ప్రశ్న అడిగి, రెండుసార్లు కళ్లార్పేలోపు తనే జవాబు చెప్పి ముందుకెళ్లిపోయేది. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. లినేయా మూడుసార్లు తల పైకెత్తి మూడుసార్లూ దించేసింది.

శుక్రవారం థార్న్‌బీలో ముసురు. క్లాసులో ముసలాయన ఒకరు చారలున్న రాయి బల్ల మీద పెట్టి, "దీనికి ఏం జరిగి ఉంటుంది?" అని అడిగి కుర్చీలో కూర్చున్నారు. ఎవరూ పలకలేదు. ఆయనా పలకలేదు. కిటికీకి వాన కొడుతోంది. నాకైతే ఒళ్లంతా ఇబ్బందిగా ఉంది, ఎవరో ఒకరు ఏదో ఒకటి అనండర్రా అనిపించింది. ఆయన తొందరపడకుండా చిన్నపిల్లల నిద్ర కాస్తున్నట్టు కూర్చున్నారు. అప్పుడు మా వరుసలోంచి లినేయా గొంతు వినిపించింది. "ఇది ఒకసారి మునిగి, పైకొచ్చి, మళ్లీ మునిగినట్టుంది."

"ఎలా చెప్పగలవు?" అన్నారాయన. మళ్లీ ఆగారు. ఆ పిల్ల ఆ రాయి గురించి చెబుతూనే ఉంది. ఒక్కరూ అడ్డురాలేదు.

తిరిగొచ్చేటప్పుడు లినేయా అద్దంలోంచి బయటికి చూస్తూ, "ఇవాళ వానే కదా, టామ్సిన్," అంది.

"వానే," అన్నాను.

రాత్రి భోజనాల దగ్గర తండ్రికి జరిగినదంతా చెప్పింది. మామగారు ఆపిల్ కూరి కాల్చిన ‘పై’ రొట్టె ముక్క మీద చెడ్డార్ చీజ్ పెట్టుకోబోయి, ఆగి, కూతురు చెప్పేది ముగిసేదాకా విన్నారు. పూర్తిగా వినడం ఆయనకూ కొత్తేనేమో, చెవులు ఎర్రబడ్డాయి.

"సరే," అన్నారు చివరికి. "కానీ ఒడెట్ మొహం చూసి చెప్పు. దానికి తెలియకుండా పంపేట్టయితే నా సంతకం ఉండదు. ఈ ఊళ్లో నేనింకా బతకాలి."

శనివారం ఒడెట్ ఆపిల్ రసం తీసే సైడర్ మిల్లులో డోనట్లు వేయిస్తుంది. లినేయా నన్ను తోడు రమ్మంది. నేను రెండడుగులు వెనక్కి నిలబడ్డాను. డోనట్ల వాసనకు మామూలుగా అయితే ఆ వెధవ రేకుల షెడ్డు నాకు స్వర్గం. ఆ రోజు మాత్రం ఒక్క డోనట్ కూడా అడగలేదు.

"నీ మొహమే చెబుతోంది," అంది ఒడెట్ పటకారుతో డోనట్లు తిప్పుతూ. "కెల్బర్న్ దరఖాస్తుకు రాసే వ్యాసం తేలట్లేదు కదా? ఇవాళ పంపు, మొదటి పేరా నేను—"

"ఒడెట్, ఆగు."

"—దిద్దిపెడతా. నువ్వెప్పుడూ మొదట్లోనే నాన్చి—"

"ఆగవే. నన్ను చెప్పనీ."

ఒడెట్ పటకారు పైకెత్తి అలాగే ఉండిపోయింది. నూనె చిటపటలాడింది.

"నేను థార్న్‌బీకి పంపుతున్నా."

"జోకు బాలేదు," అని నవ్వబోయి ఒడెట్ ఆగింది. "రెండూ ఒకటేనన్నావుగా."

"నేననలేదు. నువ్వన్నావు. అక్కడ నేను మాట ముగించేదాకా ఆగుతారు."

"అంటే నేను నిన్ను మాట్లాడనివ్వలేదనా?"

లినేయా కింద పడ్డ పంచదార వైపు చూసింది. "కొన్నిసార్లు. అవును."

"ఏడో తరగతిలో ప్రసంగం రోజు నువ్వు బాత్రూంలో ఏడుస్తూ కూర్చుంటే, నీ కాగితం పట్టుకెళ్లి చదివింది ఎవరే? అప్పుడు లాక్కున్నట్టు అనిపించలేదా?"

"అప్పుడు నాకు కావాల్సొచ్చింది. ఇప్పుడు..."

ఆ వాక్యం అక్కడే ఆగింది. ఈసారి ఒడెట్ కూడా దాన్ని పూర్తి చేయలేదు.

"మార్కుల్లో నువ్వు నాకంటే ముందు," అంది ఒడెట్ చివరికి, గొంతు తగ్గించి. "ఒక్కరినే తీసుకుంటే నిన్నే తీసుకుంటారు. అది తెలిసే చెబుతున్నావా?"

"తెలుసు."

"అయితే పంపు. నేనూ పంపుతా. సోమవారం నుంచి నన్ను కారులో ఎక్కించుకోవడానికి మా ఇంటికి రాకు." లినేయా భుజం మీదుగా వెనక నిలబడ్డవాళ్ల వైపు చూసి గట్టిగా అంది: "తర్వాత ఎవరండీ?"

ఆ సాయంత్రం మామగారు సంతకం పెట్టారు. లినేయా దరఖాస్తు పంపింది. ఎవరం చప్పట్లు కొట్టలేదు. గరాజు పైకి వెళ్లాక నేను ఎమెట్ భుజానికి తల ఆనించి ఏడ్చాను. ఒకరిని కోరుకోవడమంటే నాకు అప్పటిదాకా సంతోషమే. దానికోసం ఎవరినీ వదులుకోవలసి రాలేదు.

నవంబరంతా లినేయా ఒక్కతే కారు నడుపుకుంటూ స్కూలుకెళ్లింది. అక్కడ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె పక్కన ఎవరూ కూర్చునేవారు కాదట. థాంక్స్‌గివింగ్ పండగకు ఏటా ఒడెట్ వాళ్లమ్మ పంపే మాంసం ‘పై’ రొట్టె ఈసారి రాలేదు. మామగారు ఆ సంగతి ఎత్తలేదు గానీ, గుమ్మం వైపు రెండుసార్లు చూశారు.

డిసెంబరు మధ్యలో ఫలితాలొచ్చాయి. లినేయాకు థార్న్‌బీలో సీటొచ్చింది. ఒడెట్‌కూ వచ్చింది.

ఒకే స్కూలు నుంచి ఇద్దరిని తీసుకోకూడదన్న నియమం ఏ కాలేజీలోనూ లేదని స్కూలు కౌన్సెలరు ఆశ్చర్యపోతూ చెప్పిందట. ఇన్నేళ్లుగా పిల్లలు కాలేజీల్ని పంచుకుంటున్నారన్న సంగతే ఆవిడకు తెలియదు. ఎవరూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. ఇప్పుడు ఇద్దరూ కట్టుబడ్డారు. కాదనుకుని ఇంకెక్కడికో పోయే వీలు ఇద్దరికీ లేదు. నాలుగేళ్లు ఒకే కొండ మీద ఉండాలి.

మర్నాడు లినేయా స్కూలు నుంచి వచ్చి, బూట్ల మంచు కూడా దులపకుండా వంటింట్లో కూర్చుంది.

"ఏమైంది?" అన్నారు మామగారు.

"ఒడెట్ వచ్చింది. అందరి ముందూ." ఆగింది. మేం ముగ్గురం పలకలేదు. "అభినందనలు అని చెయ్యి చాపింది. కలిపాను. మేమెప్పుడూ చేతులు కలుపుకోలేదు, నాన్నా. కొత్తవాళ్లలా."

మామగారు పొయ్యిలో ఇంకో కట్టె వేసి తలుపు మూశారు.

"కొత్తవాళ్లు అలాగే మొదలుపెడతారే," అన్నారు.