కుట్టని బొంత

సమ్మక్క స్టవ్వు మీంచి అన్నం గిన్నె దించి, ఆ మంటకే ఒక దారప్పోగు అంటించింది. మండి బూడిదైతే నూలు, ముడుచుకుపోయి నల్లటి గుండు కడితే పాలిస్టర్. మగ్గాల ఇళ్ళలో ఈ పరీక్ష ఓనమాలకంటే ముందే వచ్చేస్తుంది. పోగు చివర గుండే కట్టింది. అచ్చమైన కాటన్ అని తల్లి మీద ఒట్టేసి మరీ అంటగట్టాడు గుడ్డముక్కల బజారువాడు. వాడి నోట్లో మన్నుపడ అనుకుంటూ కాలిన పోగును కొంగు చాటున నలిపి పారేసింది. చాటు ఎందుకంటే, వెనక గదిలో కోడలు జమున నిద్ర లేచే వేళయింది.

జమునకు నెలలు నిండుతున్నాయి. బిడ్డ బరువు తక్కువగా ఉందని, కాస్త ముందే రావచ్చని, వచ్చాక వెచ్చగా ఉంచాలని డాక్టరమ్మ చెప్పింది. అసలే పుష్యమాసం చలి, పైన రేకుల కప్పు. మామూలుగా అయితే నాయనమ్మ కాబోయే మనిషి ఇంటి నడుమ చాప పరిచి దర్జాగా బొంత కుట్టేది. కానీ పుట్టని బిడ్డకు ఏదీ కుట్టకూడదన్నది వాళ్ళలో పట్టింపు. మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్ళిన జమున ఆ పట్టింపును నవ్వి కొట్టిపారేసింది. ఏడో నెలలోనే చిలకలు కుట్టి మరీ బొంత సిద్ధం చేసుకుంది. పిల్లవాడు రెండు రోజులు కూడా బతకలేదు. ఆ బొంతలోనే చుట్టి తీసుకెళ్ళారు. అప్పటినుంచి జమున సూది ముట్టలేదు. మొగుడి చొక్కా గుండీ ఊడితే పక్కింటి ఎల్లవ్వ చేత కుట్టిస్తుంది.

అందుకని సమ్మక్క మధ్యేమార్గం ఒకటి కనిపెట్టింది. కుట్టకూడదన్నారు గానీ గుడ్డలు కూర్చుకోవద్దని ఎవరూ అనలేదు కదా. పైగుడ్డకు దిగులు లేదు, సూరత్ మిల్లులో మిగిలిన పూలగుడ్డ ముక్కలు బోలెడు. చిక్కంతా లోపలి పరుపుకు, బిడ్డ ఒంటికి తగిలే అడుగుగుడ్డకు. దుకాణంలో మంచి నూలు బొంతల ధర వింటేనే కళ్ళు తిరిగాయి. చవకవి చేత్తో పట్టుకుంటే జారిపోయాయి, అన్నీ పాలిస్టరే.

మిల్లులో పనిచేసే ఆమె పెనిమిటి దేవదాస్ ఒక ఉపాయం చెప్పాడు. "పాలిస్టర్ దూది మస్తు పడుంటది. ఓ బస్తా తెస్త తియ్."

"ఒక్క ఉతుకుకు ముద్ద గడ్తది. పసిపానానికి ఉక్కపోస్తది. గా బస్తల నువ్వే పండు."

పత్తి కొని ఏకించే స్తోమత లేదు. ఎంతో ఆలోచిస్తే చివరికి తట్టింది. సూరత్ వచ్చాక ఒంటిమీద చీరలన్నీ పాలిస్టరే అయినా, లోపలి లంగాలు మాత్రం నూలువే. పాతవి ఏరి, నాడాలు లాగేసి, ఉడకబెట్టి, ఎల్లవ్వ డాబా మీద ఆరేసింది. పొరలు పొరలుగా పరిస్తే పరుపు కుదిరినట్టే. లంగాల మీద పడుకోబెట్టిందని రేపు నన్ను తిట్టుకోకు అని బిడ్డతో లోలోపల అనుకుంది. పుట్టకముందే దాంతో మాటలేమిటని వెంటనే నాలుక కరుచుకుంది.

అడుగుగుడ్డకు కొడుకు పరుశురాం పాత లుంగీలు ఉన్నాయన్న ధైర్యంతోనే ఇంతదూరం వచ్చింది. ఊరి సంతలో కొన్న అసలు నూలువి, ఉతికి ఉతికి మెత్తబడ్డవి. తీరా పెట్టె తెరిస్తే అవి లేవు. మంచం కింద లేవు, అటక మీదా లేవు. గూట్లో మాత్రం కొత్త స్టీలు గిన్నె ఒకటి తళతళలాడుతోంది. పాతబట్టలకు గిన్నెలిచ్చే ఆవిడ మొన్ననే వీధిలో తిరిగింది. ఇంకేముంది, లుంగీలిచ్చి గిన్నె తీసుకుంది కోడలు పిల్ల. అడుగుదామంటే ఎందుకని అడుగుతుంది. చెబితే ఆ పిల్ల గుండె ఆగిపోతుంది. అప్పుడే సమ్మక్క బజారుకు పరిగెత్తి మోసపోయి వచ్చింది. గిన్నె కంటపడినప్పుడల్లా ఆమె కడుపు మండిపోయేది. ఆ మంట వెనక ఉన్నది భయమే. ఈసారి కూడా ఏమైనా అయితే ఆ పిల్ల ముఖం ఎలా చూడాలో ఆమెకు తెలియదు.

పోగు కాల్చి చూసిన రోజు మధ్యాహ్నమే జమునకు నొప్పులొచ్చాయి. మొగవాళ్ళిద్దరూ పనిలో ఉన్నారు. ఎల్లవ్వ ఆటో పిలుచుకొచ్చింది. జమున గుమ్మం పట్టుకుని ఆగిపోయింది.

"అత్తా, బియ్యం డబ్బా ఎనక ఓ మూట ఉంటది. జర పట్టుకరా. ఇప్పుడు ఇప్పకు. ఏడుపు ఇనవడ్డంకనే ఇప్పు."

సమ్మక్క డబ్బా వెనక చెయ్యి పెట్టింది. ఆ మూట తీసుకుంది, మంచం కిందనుంచి తన మూటా లాగింది. ఆటోలో అత్త ఒళ్ళో ఒకటి, కోడలి ఒళ్ళో ఒకటి. ఇద్దరూ ఒకరి మూట ఒకరు చూసుకున్నారు, అందులో ఏముందని ఎవరూ అడగలేదు.

ఆసుపత్రిలో జమునను లోపలికి తీసుకెళ్ళాక సమ్మక్క రెండు మూటలతో వరండాలో నిలబడింది. తలుపు అవతల పసికందు ఏడుపు వినపడగానే జమున మూట ముడి లాగింది. సగం విప్పేసరికి నర్సు వచ్చి ఇంకో బాలింత పేరు పిలిచింది. ఏడుపు విన్నాకే విప్పమంటే ఎవరి ఏడుపో విని విప్పింది. గబగబా మళ్ళీ ముడేసి, దాని మీద ఇంకో ముడేసి, రెండు మూటలనూ కడుపుకు కరుచుకుని కూర్చుంది. ఆ తర్వాత ఎన్ని ఏడుపులు వినపడినా కదల్లేదు. తప్పు నాది, నన్నే కొట్టు తల్లీ, వాళ్ళను విడిచిపెట్టు అని ఊరి దేవత ఎల్లమ్మకు మొక్కుతూనే ఉంది.

పొద్దు వాలే వేళకు నర్సు తలుపు తీసి, జమున పేరు పిలిచి గుడ్డ అడిగింది. "ఆడపిల్ల. చిన్నదే, కానీ గొంతు పెద్దది" అని హిందీలో చెప్పి నవ్వింది.

ముడులు రాకపోతే సమ్మక్క పళ్ళతో లాగింది. మూటలో లుంగీలు ఉన్నాయి. అంచులు ఊడదీసి, ఉడకబెట్టి, పసిబిడ్డ బొంతంత కొలతకు కత్తిరించి ఉన్నాయి. ఒక మూల పోగు కొస కాలి ఉంది, గుండు మాత్రం కట్టలేదు. కోడలు కూడా స్టవ్వు దగ్గర దొంగచాటుగా కాల్చి చూసుకుందన్నమాట. గిన్నెకు పోయినవి వేరే పాతబట్టలు. సమ్మక్క గూట్లో గిన్నెను తలుచుకుని సిగ్గుపడింది, ఆపైన నవ్వొచ్చింది, నవ్వుతుండగానే ఏడుపొచ్చింది.

అడుగున లుంగీ, మధ్యన లంగాల పొరలు, పైన పూలగుడ్డ వరసగా పేర్చి, లుంగీ వైపు బిడ్డకు తగిలేలా చుట్టింది. కుట్టు లేని పొరలు ఒక్కక్షణం నిలవలేదు. వార్డులో జమున పక్కన పడుకోబెట్టగానే పూలగుడ్డ ఒకవైపు, లంగాలు మరోవైపు జారాయి. జమున పాలిపోయిన చెయ్యి చాచి వాటిని అదిమి పట్టుకుంది. చాలాసేపు అలాగే పట్టుకుని బిడ్డ ఊపిరినే చూసింది.

"అత్తా, సూది తెచ్చినవా?"

సమ్మక్క తల అడ్డంగా ఊపింది. "భయమైంది బిడ్డా. సూది జోలికి పోలే. పొద్దుగాల తెచ్చి నేనే కుడుత తియ్."

జమున పొరలు వదలకుండానే అంది. "తెచ్చి నాకియ్యి. నేను కుడుత."